గాజు గిన్నెలో తీర్థం

ఆ ఎండాకాలం మా ఆడబిడ్డ హరిత పేరెత్తితే చాలు, నాకు ఒళ్ళు మండేది. ఇప్పటికీ పూర్తిగా చల్లారలేదనుకోండి. కాకపోతే అప్పటి మంట వేరు, ఇప్పటి మంట వేరు.

వాసవీ జయంతి రోజు బద్వేలు అమ్మవారిశాలలో హరితకు సన్మానం పెట్టారు. హైదరాబాదులో ఒక పరిశోధన సంస్థలో ఆమె లివరు కణాల మీద పనిచేస్తోందనీ, ఆమె రాసిన వ్యాసం విదేశీ పత్రికలో పడిందనీ మా కులసంఘంవాళ్ళకు ఊదినవాడు వేణుగోపాల్. మా ఆయనకు చిన్నాయన కొడుకు, మా ఎరువుల అంగట్లో భాగస్తుడు, సంఘానికి కార్యదర్శి. గుడి ముందు నిలువెత్తు ఫ్లెక్సీ కట్టించాడు. "కృత్రిమ కాలేయాన్ని సృష్టించిన బద్వేలు ఆడపడుచు" అని రాయించాడు. అందులో హరిత బొమ్మ కంటే వేణుగోపాల్ బొమ్మే పెద్దది.

మా ఆయన తేజేశ్వర్ ముందు వరసలో కూర్చున్నాడు. అప్పటికే కళ్ళు పసుపు పచ్చగా తిరిగాయి. పొట్టలో నీరు చేరి చొక్కా బొత్తాలు పట్టడం లేదు. తాగుడు ఎరగని మనిషి, వక్కపలుకు కూడా నమిలేవాడు కాదు. ఎప్పటి నుంచో రక్తంలో కామెర్ల పురుగు ఉందనీ, అది లివరును రాయిలాగా చేసేసిందనీ, మార్చకపోతే బతకడనీ కర్నూలు డాక్టరు చెప్పేశాడు. నేలఉసిరి నూరి మజ్జిగలో పోశాం, ఉప్పులేని పథ్యం పెట్టాం. మనిషి చిక్కిపోయాడు తప్ప ఒరిగిందేమీ లేదు.

అధ్యక్షుడు శాలువా కప్పుతుండగా మా అత్త తిరుపతమ్మ ఆడవాళ్ళ మధ్యలోంచి లేచి నిలబడింది.

"నా కొడుకు పానం నా కూతురి చేతిలో ఉండాది. అమ్మవారి ముందర చెప్తాండా, అది వాళ్ళన్నకు కొత్త లివరు చేసి పెడ్తాది."

చప్పట్లు మోగాయి. హరిత మైకు అందుకుని "నేను చేసేది అది కాదు, దయచేసి వినండి" అంటుండగానే వేణుగోపాల్ వాయిద్యాల వాళ్ళకు సైగ చేశాడు. ఆ డోలు మోతలో ఆమె నోరు కదలడం కనబడింది గానీ మాట వినబడలేదు.

మా అత్త సంగతి మీకు చెప్పాలి. మామూలుగా హరిత ఇంటికొస్తే పెరట్లో తలస్నానం చేసిగానీ వంటింటి గడప తొక్కకూడదు. ఎలుకల లివరు కోసే చేతులని అత్త పెట్టిన రూలు. ఆ రోజు మాత్రం చేతులు కూడా కడుక్కోనివ్వకుండా నడింట్లో కూర్చోబెట్టి, పాలకోవా నోట్లో పెట్టింది. అవసరం వస్తే మడి కూడా పక్కకు తప్పుకుంటుందని నాకు ఆ రోజే తెలిసింది.

కోవా మింగాక హరిత మెల్లగా మొదలుపెట్టింది.

"అమ్మా, లివరు కణాలు గిన్నెలో వేస్తే బతుకుతాయి. బతికి, కొన్ని దినాలకు తాము లివరన్న సంగతే మర్చిపోతాయి. ఊరికే అతుక్కొని పడుంటాయి, పని మాత్రం చెయ్యవు. అందుకని మూలకణాలు తీసుకుని, వాటికి లివరు పని నేర్పిద్దామని చూస్తాండాం. అవి సగం నేర్చుకుంటాయి. సగం నేర్చినవాటిని మనిషి ఒంట్లో పెడితే గడ్డలైనా అవుతాయి. మనుషుల దాకా రావాలంటే ఇంకా శానా ఏండ్లు పడ్తాది."

"ఏండ్లా? వీడికి నెలలు గూడా లేవంట గదమ్మా" అన్నాడు వేణుగోపాల్. "నీ చేత గాకపోతే చెప్పు. పట్నంలో ఒకాయన మూలకణాల సూది వేస్తాండాడంట. నువ్వు పక్కనుండి సరే అంటే చాలు."

"ఆ సూదిలో ఏముంటాదో వేసేవాళ్ళకే తెల్దు. అన్న ఒంటికి ఆ సూది తగిలితే నేనే పోలీసుల కాడికి పోతా."

మా ఆయన గోడకు ఆనుకుని అలాగే వింటున్నాడు. హరిత ఆయన వైపు చూడకుండానే మిగతాది చెప్పింది. బతికున్న మనిషి లివరులోంచి ముక్క కోసి ఇంకొకరికి పెడతారట. ఇచ్చినవాళ్ళకు అది మళ్ళీ పెరుగుతుందట. హైదరాబాదులో చేస్తున్నారట.

అత్త ముఖం వెలిగింది. "అంతేనా! అయితే నువ్వియ్యి. ఒక కడుపున పుట్టినోళ్ళు, ఇట్టే అతుక్కుంటాది."

"నేనివ్వను."

"ఇయ్యలేవా, ఇయ్యవా?"

"ఇవ్వనమ్మా."

"సరే తల్లీ, నీ ఒళ్ళు నువ్వు దాచుకో. నాది తీసుకోమను. నా బిడ్డకు నేనిచ్చుకుంటా."

"నీది పనికిరాదు. వయసు దాటింది" అంది హరిత, గోడకున్న క్యాలెండరు వైపు చూస్తూ. కాసేపాగి, "వదిన ఇవ్వొచ్చు. వదిన గ్రూపు కలుస్తాది" అంది.

నేను పళ్ళేలు తీస్తున్నదాన్ని అక్కడే ఆగిపోయాను. ఇవ్వనని నేనన్నానా? మొగుడి ప్రాణం కంటే పొట్ట మీద గాటు ఎక్కువా నాకు? కానీ తన పొట్ట భద్రంగా చీర కింద దాచుకుని, వేలు పెట్టి నా పొట్ట చూపించడమేమిటి? అడిగితే ఇచ్చేదాన్ని. ఎవరో వచ్చి ఇది ఇస్తుంది అని చెప్పేసరికి నాకు కోపం నెత్తికెక్కింది.

"ఏం హరితా, మీ పుట్టింటికి నేను తెచ్చిన సామానులో లివరు గూడా ఉండాదా?" అన్నాను.

నన్నడగకుండా నా ఒంటి సంగతి తేల్చడం ఆమెకు కొత్త కాదు. మా కూతురు వాసవి పుట్టినప్పుడు హైదరాబాదు నుంచి ఊడిపడి, నాకు రక్తపరీక్ష చేయించి, నాకూ పసిదానికీ కామెర్లు రాకుండా సూదులు వేయించింది. ఎందుకని అడిగితే "మంచిది వదినా" అంది, అంతే. బయట నుంచి వచ్చిన పిల్లనని నా రక్తాన్ని అనుమానించిందని అప్పటి నుంచే నా లోపల ఒక ముల్లు ఉండిపోయింది.

హైదరాబాదులో పరీక్షలకు మా ఆయనా, నేనూ, అత్తా పోయాం. వాసవిని మా అమ్మ దగ్గర దిగబెట్టాను. తోడొస్తానన్న వేణుగోపాల్ బస్టాండు దాకా వచ్చి, ఎరువుల లోడు దిగుతోందని వెనక్కి తిరిగాడు. హరిత క్వార్టర్లో దిగాం. రెండు గదుల్లో ముగ్గురు ఆడవాళ్ళం, ఒకరు వంటింట్లో ఉంటే ఇంకొకరు బయటే ఉండేవాళ్ళం. అత్త కూతురితో నేరుగా మాట్లాడడం మానేసింది. "చక్కెర యాడుండాదో అడుగు" అని నాతో అనేది, హరిత ఎదురుగానే.

అయినా లాబు చూపించమని మొండికేసింది. తన కళ్ళతో చూస్తేగానీ నమ్మదట. ఆదివారం, ఎవరూ లేనప్పుడు, హరిత మమ్మల్ని తీసుకుపోయింది. చూస్తేనన్నా అమ్మకు అర్థమవుతుందనుకుంది పాపం.

చెప్పులు బయట విప్పించింది. వేరే చెప్పులు, తెల్లకోటు, తలకు టోపీ, మూతికి గుడ్డ. చేతులు స్పిరిటుతో తుడిపించింది. ఏదీ ముట్టుకోవద్దు, గిన్నెల మీద ఊపిరి కూడా విడవద్దు అంది. మా అత్త అన్ని రోజుల తర్వాత మొదటిసారి కూతుర్ని మెచ్చుకోలుగా చూసింది.

"ఇది మడే గదమ్మే! ముందే చెప్పింటే నేనెందుకు నిన్ను పెరట్లో నిలబెడ్తా?"

లోపల వెచ్చటి అలమర ఒకటి. ఒంటి వేడి ఎంతుంటుందో అంతే వేడి ఉంటుందట. అందులో అరచేతిలో పట్టే మూతగిన్నెలు, వాటి అడుగున పల్చటి ఎర్ర నీళ్ళు. ఆ నీళ్ళే కణాలకు తిండి. రోజు మార్చి రోజు కొత్తవి పోయాలి, పండగైనా పబ్బమైనా. నీళ్ళు పసుపు రంగుకు తిరిగితే లోపల కణాలకు ఆకలన్నమాట. పోయిన వానాకాలం నుంచి ఇవే గిన్నెలట. ఈసారి కణాలు లివరు చేసే పనొకటి నిజంగానే చేయడం మొదలుపెట్టాయని చెబుతున్నప్పుడు హరిత గొంతు మారిపోయింది. పిల్లలు మొదటి అడుగు వేస్తే తల్లి చెప్పుకున్నట్టు చెప్పింది. అక్కడ మొగుడు పొట్ట పట్టుకుని మంచంలో ఉంటే, ఇక్కడ ఈమెకు గిన్నెల మురిపెం.

ఒక గిన్నె మైక్రోస్కోపు కింద పెట్టి నన్ను చూడమంది. మూలలు తేలిన గళ్ళు, ఒకదాన్నొకటి ఒరుసుకుని. ఇంకేం లేదు.

"ఇవేనా?"

"ఇవే."

అంతలో ఆసుపత్రి నుంచి ఫోను వచ్చి హరిత బయటికి పోయింది. నేను ఆ గళ్ళనే చూస్తున్నాను. వెనక అలమర తలుపు చప్పుడైంది. తిరిగి చూసేసరికి అత్త తలుపు మూసి, చేతులు జోడించి నిలబడి ఉంది. గుళ్ళో నిలబడ్డట్టే నిలబడింది. దండం పెట్టుకుందనుకున్నాను.

ఆసుపత్రిలో నా లివరు సరిపోతుందని తేల్చారు. పైనుంచి అనుమతి రావడానికి కొంచెం టైము పడుతుందంటే బద్వేలు వచ్చేశాం. అది ఆవకాయల కాలం. కొడుకు చావుబతుకుల్లో ఉన్నా ఊరగాయ పెట్టకపోతే అరిష్టమని అత్త పట్టు. నడింట్లో పాత చీర పరిచి, మోచేతుల దాకా ఆవపిండీ కారంతో ముక్కలు కలుపుతోంది. నేను జాడీలు తుడుస్తున్నాను. మిట్టమధ్యాహ్నం ఎండలో హరిత వచ్చి గడపలో నిలబడింది. చెప్పులు కూడా విప్పలేదు.

"అమ్మా, అలమరలో ఏం పోసినావు?"

అత్త తల ఎత్తలేదు. "ఏం పోస్తా? అమ్మవారి తీర్థం. గిన్నెకొక చుక్క."

"మూత తీసి?"

"మూత తియ్యకుండా ఎట్ల పోస్తారు? రొండిన సీసా పెట్టుకొని ఈడ్నుంచి మోసుకుపోయినా. ఆ కణాలకు పని రావడంల్యా అంటివి గదా, అమ్మవారి చలవ సోకితే వస్తాదని..."

"బూజు పట్టిందమ్మా! అన్నీ! ఒక గిన్నెలో తులసాకు ముక్క తేలతాంది. ఏడ్నుంచి వచ్చిందా అని ఆఫీసంతా నా మొహమే చూసినారు. బయటివాళ్ళను తోలుకొచ్చినందుకు సంజాయిషీ అడిగినారు. గిన్నెలన్నీ పారబోసి అలమర కడుక్కున్యా."

"తీర్థంలో బూజెట్ల వస్తాదిమే? నోరు కడుక్కో."

"నీ జాడీలో ఎవరన్నా తడి చెయ్యి పెడితే ఊరుకుంటావా నువ్వు?"

నా చేతిలో జాడీ గుడ్డ ఆగిపోయింది. పోయినేడు తడి గరిట పెట్టిందని పనిమనిషి లక్ష్మక్కను వీధి మొగదాకా తరిమిన మనిషి మా అత్త. నాకు సంగతి అర్థమైంది. అత్తకు కూడా అయ్యుంటుంది, ఎందుకంటే అప్పుడే ఆమె గొంతు పెద్దదైంది.

"నీకు గిన్నెల మీద ఉండే ప్రేమ తోడబుట్టినోడి మీద ల్యా! ఆ లోపల పడుకొని మూలుగుతాండాడే, వాడికి ఒక ముక్క ఇయ్యలేని దానివి, నీళ్ళ గిన్నెల కోసం ఇంత దూరం వచ్చి నామీద అరుస్తాండావు!"

"నేనెందుకియ్యలేనో తెల్సా నీకు? నీ..."

అక్కడ ఆగింది. కిందికి చూసింది. ఎర్రటి చేతులతో, చెమట తుడుచుకోవడానికి కూడా వీల్లేక మోచేత్తో నుదురు రుద్దుకుంటున్న తల్లిని చూసింది.

"నాకు భయం. కోత అంటే భయం. చాలా?"

"తూ" అంది అత్త.

భయమట! నేను ఆమె చెయ్యి పట్టుకుని పెరట్లోకి ఈడ్చుకుపోయాను. నీళ్ళతొట్టి దగ్గర నిలబెట్టి అడిగాను. "కోతంటే భయపడే ముఖమేనా ఇది? నా పొట్ట కోస్తాండారు. నాకు చెప్పాల్సిందే."

ఆమె తొట్టి అంచు గోటితో గీరింది.

"ఉద్యోగంలో చేరేటప్పుడు మాకు రక్తం చూస్తారు వదినా" అంది చివరికి. "అన్నకుండేదే నాకూ ఉండాది."

"నీకెట్ల వచ్చింది?"

ఆమె నడింటి వైపు చూసింది. లోపల అత్త ముక్కలు కలుపుతూ మమ్మల్ని తిడుతున్న శబ్దం వినబడుతోంది.

"కంటి ఆపరేషన్‌కు అమ్మ రక్తం తీసినప్పుడు నేనే ఉన్న్యా" అంది. "కాన్పులో తల్లి నుంచి బిడ్డకు వస్తాది. ఆమెకేం కాలేదు, కొందరికి ఏం కాదు. ఎవరి తప్పూ కాదు వదినా."

నాకూ వాసవికీ వేయించిన సూదులు, ఇవ్వననడం, నీది పనికిరాదనడం, అన్నీ ఒక్కసారి వచ్చి మీద పడ్డాయి. జాలి రాలేదు. కోపమే వచ్చింది, ఇంకా ఎక్కువగా.

"మీ అన్నకు ముందే చెప్పి సావకపోతివా?"

"ఎన్నిసార్లు చెప్పినా! పరీక్ష చేయించుకోమంటే, ఎద్దు మాదిరి ఉన్న్యా, నాకేమంటాడు. అంగడి సీజనంటాడు."

"నాకన్నా చెప్పొచ్చు గదా!"

"నీ నోరు నాకు తెల్దా వదినా. అమ్మతో కొట్లాడిన దినం అనేస్తావు. అన్నావంటే, కొడుకును నేనే చంపుకున్న్యా అని ఆమె ఆ పొద్దు నుంచి మెతుకు ముట్టదు. మా అమ్మ సంగతి నీకు తెలుసు."

చెంపమీద కొట్టినా అంత నొప్పి ఉండేది కాదు. నిజం కాబట్టి.

తొలకరి పడ్డాక ఆపరేషన్ జరిగింది. వేణుగోపాల్ రాలేదు, పూలగుత్తి పంపాడు. నేను మత్తులోకి పోయేముందు చివరగా చూసిన ముఖం హరితదే. మా ఆయన గండం గడిచింది. జీవితాంతం మందులు మింగాలి గానీ, కళ్ళ పసుపు పోయింది. ఆయన అన్నం అడిగి పెట్టించుకుని తిన్న రోజు నేను బాత్రూములో తలుపేసుకుని, కుట్లు నొప్పెడుతున్నా ఏడ్చాను.

ఇంటికొచ్చేసరికి శ్రావణం వచ్చింది. ఊళ్ళోని మా వాళ్ళంతా చూడ్డానికి వచ్చేవాళ్ళు. వచ్చిన ప్రతి ఆడమనిషి ముందూ అత్త నన్ను కూర్చోబెట్టి కాళ్ళకు పసుపు రాసేది.

"కన్నకూతురు కోతంటే భయమని పారిపాయె. పరాయింటి పిల్ల నా కొడుకును బతికించె. ఇదే నా కూతురు ఇంక."

నేను వండిన పప్పు ఒక్కరోజు బాగుందనని మనిషి. ఆ నోట ఒక మంచిమాట వినాలని నేను ఆ ఇంట్లో అడుగుపెట్టిన నాటి నుంచి కాచుకుని ఉన్నాను. తీరా అది హరిత మీది తిట్టుతో కలిసి వచ్చింది. రోజూ అలాగే వచ్చేది. ఎంత చెడ్డదాన్నో చూడండి, ఒక్క మాటతో ఆమెను కూలగొట్టగలనని తెలిసి కూడా, ఆమె పసుపు రాస్తుంటే కాళ్ళు చాపుకుని కూర్చునేదాన్ని.

వరలక్ష్మీవ్రతం ముందురోజు హరిత అన్నకు మందులు తీసుకుని వచ్చింది. అత్త గడపకు అడ్డంగా నిలబడింది.

"మందులు అరుగు మీద పెట్టి పో. ఈ ఇంట్లో నీకేం పని ల్యా. నువ్వు నా కడుపున పుట్టలేదనుకుంటా."

నడింట్లో ఉన్న ముత్తైదువులంతా చెవులు రిక్కించారు. నా నాలుక చివరిదాకా వచ్చింది. పుట్టింది కాబట్టే అత్తా, నీ కడుపున పుట్టింది కాబట్టే. హరిత తల్లి భుజం మీదుగా నన్నే చూస్తోంది. ఏమీ సైగ చేయలేదు. ఊరికే చూసింది. నేను నోరు మూసుకున్నాను. నా బతుకులో నేను చేసిన కష్టమైన పని ఆపరేషన్ కాదు, అది.

కుట్ల మీద చెయ్యి అదుముకుని, అత్తను పక్కకు తప్పించి బయటికొచ్చాను. హరిత అరుగు మీద మందుల సంచి పెట్టి, ఏది ఎప్పుడు వేయాలో నాకు చెప్పింది. నేను వినడం లేదు.

"నీకొస్తే?" అన్నాను. "మీ అన్నకు వచ్చినట్టు నీకూ వస్తే, ఎవరిస్తారు హరితా? మీ అమ్మది పనికిరాదు. మీ అన్న కడుపులో ఉండేది నాదే. నన్ను ఇంకోసారి కొయ్యరు."

"మందులు మింగుతాండా గదా వదినా. రాదులే."

"వస్తే?"

ఆమె చెప్పులు వేసుకుంటోంది. ఇంట్లో ఉప్పు నిండుకుందని చెప్పినంత మామూలుగా అంది.

"అందుకే గదా ఆ గిన్నెలు."

నేను మందుల సంచి చేతిలోకి తీసుకున్నాను.

"మళ్ళా మొదటి నుంచి పెట్టినాలే. రేపు నీళ్ళు మార్చాల, ఈ బస్సుకు పోకుంటే కుదరదు. నువ్వు బరువులు ఎత్తబాక" అని వీధిలోకి దిగింది. వెనక్కి తిరిగి చూడలేదు.

నేను లోపలికొచ్చాను. అత్త పసుపు గిన్నెతో అక్కడే నిలబడి ఉంది.

"ఏమంటాంది మహాతల్లి?"

"గిన్నెల్లో నీళ్ళు మార్చాలంట. పోయింది."

"చూస్తిరా! మనుషుల కంటే ఆ గిన్నెలే ఎక్కువ దానికి."

"అవునత్తా. ఆ గిన్నెలే ఎక్కువ" అన్నాను.

నేను తనవైపు మాట్లాడానని అత్త సంబరపడి, అందరి ముందూ నా నుదుట కుంకుమ పెట్టింది.